తూర్పు వరస జాగ్ చెట్లు

ఉద్వాల్‌కు మూడు రోజులుగా ఏమీ పాలుపోవడం లేదు. బావికి తూర్పున తాను నాటిన జాగ్ చెట్లు వరసంతా ఎండిపోతున్నాయి. పడమటి వరస మాత్రం పచ్చగా నవనవలాడుతోంది. అదే ఇసుక, అదే గాలి, నాటిందీ తనే. మరి ఇదేం చోద్యం?

ఆమె సామాన్యురాలేం కాదు. పద్దెనిమిదేళ్ళకు కోడలిగా అలషాన్ ఎడారికి వచ్చి నలభై ఒంటెల్ని మేపింది. మొగుడు పోయాక, ఇసుక దిబ్బ ఇంటి మీదికి వస్తుంటే ఒంటె మీద నీళ్ళు మోసి ఆరు వందల చెట్లు బతికించింది. అవి పోతే దిబ్బ బావిని మింగేస్తుంది. బావి పోతే సర్కారు కట్టించిన మేడల్లోకి పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

అనుమానమంతా గోయో మీదే. అది జాగ్ వేళ్ళ మీద పెరిగే బదనిక. ఆకుండదు, పచ్చదనముండదు, చెట్టు సారం తాగి లావెక్కుతుంది. నడుము నొప్పికి మంచి మందని చైనా వైద్యులు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, మంచి ధర పలుకుతుంది. నాలుగేళ్ళ కిందట రెండు వరసల్లోనూ వేళ్ళ దగ్గర దాని గింజలు వేసింది, కిందటి వసంతంలో గోయో తవ్వి తీసింది. మరి పడమటి చెట్లనెందుకు వదిలేసింది, మాయదారిది? ఎంతకీ తెగక, మరిది బల్జిర్‌కు కబురు పెట్టింది.

బల్జిర్ మోటారుసైకిలు దిగి తూర్పు వరస చూశాడు. ప్రతి చెట్టు పక్కనా మోకాలి లోతు గొయ్యి.

"గోయో తీశాక పూడ్చలేదా వదినా?"

"కావాలనే వదిలేశా నాయనా. వానొస్తే నీళ్ళు నిలుస్తాయి, బావిని కాసే చెట్లు కదా, కాస్త ఎక్కువ తాగుతాయని."

"మరి పడమట?"

"అక్కడ గాలే పూడ్చేసింది. ఓపిక లేక ఊరుకున్నా."

బల్జిర్ గోతిలో చెయ్యి పెట్టి ఒక వేరును తాకాడు. పుటుక్కున విరిగింది. వేళ్ళకు ఎండ తగిలితే ఏ చెట్టూ బతకదనీ, అందుకే తన అమ్మ గోయో తీస్తే గొయ్యి పూడ్చాకే చేతులు దులుపుకునేదనీ మెల్లగా చెప్పాడు.



"తూర్పునా గాలి పూడ్చింది నాయనా," అంది ఉద్వాల్. "ఏడు సార్లు. ఏడు సార్లూ నేనే తోడేశా."

పార తెచ్చుకుంది. ఏ చెట్టులో ప్రాణముందో, ఏది పోయిందో ఆమెకు తెలియలేదు. అన్ని గోతులూ పూడ్చడం మొదలుపెట్టింది.