మామగారి కాలికి టింబరింగ్

మామగారి బొటనవేలి కింద షుగర్ పుండు మానడం లేదని ఈరోజు మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. మామూలు కట్టా, తేనె కట్టా, వెండి మందు కట్టా, ఏది మంచిదని డాక్టరమ్మను అడిగాను.

"ఏది కట్టినా ఈయన నడక తగ్గించకపోతే మానదమ్మా. లోడంతా పుండు మీదే పడతా ఉండాది. ఇట్లే ఉంటే వేలు తియ్యాల్సొస్తాది."

గనిలో తనతో పనిచేసిన పాత షిఫ్టువాళ్లు కూడే టీ అంగడికి రోజూ నడవందే ఉండలేని మనిషి. నా మాట ఎన్నడూ వినలేదు. ఈరోజు మాత్రం ముందుకు వంగారు.

"లోడా? ముందే చెప్పల్ల గదమ్మా! లోడు తియ్యకుండా యా కట్టు నిలస్తాది? ఇంగ కాలికి టింబరింగ్ చెయ్యి!"

గనిలో పైకప్పు బరువుకు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబరింగే ఒకప్పుడు ఆయన పని.

డాక్టరమ్మ నవ్వి, పుండు మీద బరువు పడని మెత్తటి చెప్పులు ఇప్పించారు. ఇంటికి రాగానే మామగారు వాటిని తిరగేసి గడపకు టపటపా తట్టారు. షిఫ్టుకు బయల్దేరే ముందు బూట్లు అలాగే తట్టేవారు. కొత్త కోడలిగా ఆ చప్పుడు వినే నేను టీ దించేదాన్ని. గని మూశాక మళ్లీ ఈరోజే విన్నాను.

సాయంత్రం ఆయన కదల్లేదు. పాత షిఫ్టంతా టీకి మా వరండాకే వచ్చింది. రేపట్నుంచి పాలు ఎక్కువ పోయించుకోవాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏ మాటతో చెబితే ఎక్కుతుంది?