ఎర్ర కారుకి నల్ల ఫెండర్

పోయిన నెల హైవే మీద జింక అడ్డొచ్చి నా ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు భాగం నుజ్జునుజ్జయింది. కెనడాలో మా ఊరు సస్కటూన్‌లో ఏ బాడీ షాపుకెళ్ళినా ఒకటే మాట, ఇలాంటి కార్లు మేం ముట్టుకోం, కాల్గరీ తీసుకెళ్ళమని. కదలని కారుని అంత దూరం ఎలా తీసుకెళ్ళను? చివరికి ట్రాక్టర్లు బాగుచేసే షాపువాళ్ళు సరే అన్నారు. ముందు చక్రం మీదుండే ఫెండర్ మాత్రం స్క్రాప్ యార్డులో నల్లదే దొరికింది. అదే వేయించేశాను.

ఈ రోజు ఆ కారే వేసుకుని మన తెలుగువాళ్ళు తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళాను. మినీవ్యాన్ల మధ్య దర్జాగా పార్క్ చేశాను. కొన్నప్పట్నుంచీ "ఆడపిల్లకి ఈ కారెందుకమ్మా, నలుగురి కళ్ళూ పడతాయి" అంటున్న రావు అంకుల్ దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చారు.

"చెప్తే విన్నావా? దిష్టి తగిలింది. ఇప్పటికైనా అమ్మేసి ఓ ఎస్‌యూవీ కొనుక్కో. ఆ నల్ల ముక్కేంటి, అసహ్యంగా?"

"దిష్టి చుక్క అంకుల్. మీరన్నారనే పెట్టించాను."

అంకుల్ బిర్యానీ వైపు వెళ్ళిపోయారు.

మీ సలహాలు కూడా కామెంట్లలో రాయండి. అన్నీ చదువుతాను. పెయింట్ మాత్రం వేయించను.