మల్లయ్య సర్దార్ నిలబెట్టిన నలుగురు

ఈ ఉదయం కరీంనగర్‌లోని మా ఆఫీసు గదిలో ఉన్నవారు: డ్రాఫ్ట్స్‌మన్లు ఇద్దరు, గుమాస్తా ఒకరు, నేను. ఉన్నవి: బల్లలు నాలుగు, కాలువ నక్షాలు పదకొండు, ఒక కాలు పొట్టిదైన స్టూలు, నా చేతిలో సగం తాగిన చాయ్ గ్లాసు. నేను కిటికీకీ బల్లకూ మధ్య తిరుగుతున్నాను. ఒక్కచోట కూర్చోలేకపోవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బు. పక్క గదిలో పెద్ద ఇంజనీరు గారు ప్యూను కోసం బల్ల మీది గంటను ఒక్కసారి కొట్టారు. ఆ ఒక్క మోతకు నేను ఉన్నచోటనే ఆగిపోయాను. చాయ్ మాత్రం ఆగలేదు, చొక్కా మీదికి వచ్చింది. గుమాస్తా నవ్వాడు. "పిలిచింది ప్యూన్‌ను గద సారూ! నువ్వెందుకు పటం లెక్క నిలబడ్డవ్?" చొక్కా తుడుచుకున్నాను. ఎందుకో చెప్పాలంటే బెల్లంపల్లి దాకా వెళ్లాలి, మల్లయ్య సర్దార్ దగ్గరికి.

సర్వే డిప్లొమా చేతికి వచ్చిన ఏడాదే నేను బెల్లంపల్లిలో ఒక బొగ్గు గనిలో సర్వేయరుగా చేరాను. గనిలో కార్మికుల మీద పెద్దను సర్దార్ అంటారు. మల్లయ్య సర్దార్ అప్పటికే ముప్ఫై ఏళ్లుగా భూమి కింద పనిచేస్తున్నాడు. ధర్మపురి వైపు మనిషి. పొట్టిగా, వెడల్పుగా ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర. దానితో గని పైకప్పును తట్టి చెవి ఒగ్గి వినేవాడు. గట్టిగా పలికితే మనుషుల్ని ముందుకు పంపేవాడు, బోలుగా పలికితే వెనక్కి పిలిచేవాడు. కప్పు కింద నిలబెట్టే కర్ర స్తంభాలను గనిలో ప్రాపులంటారు. చివరి ప్రాపు దాటి ఎవరూ అడుగు పెట్టకూడదన్నది ఆయన చట్టం. నేను పెట్టాను, మొదటి వారంలోనే, కొలత టేపు పట్టుకొని. ఆయన నా చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. "నీ కాళ్లల్ల చీమలున్నయా సారూ? జర నిలబడుడు నేర్సుకో. ఉరుకుడు ఎవనికైన వస్తది."

ఆయనే మా గని ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద. నాకు ఆట రాదు, రాయడం వచ్చు కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు. ఏటా ఎండాకాలం ముందు కంపెనీలోని జట్లన్నిటికీ కప్పు పోటీ జరిగేది. ఆ ఏడు మేనేజరు గారు ఒక మాట ఇచ్చారు: కప్పు ఏ ఏడు తెస్తే ఆ ఏడు జట్టులోని బదిలీ కార్మికుణ్ణి పర్మనెంటు చేస్తానని. మా జట్టులో బదిలీవాడు ఒక్కడే, లచ్చయ్య. ఖానాపూర్ దగ్గరి నుంచి భార్యను తీసుకొని వచ్చి రెండేళ్లయింది. రోజూ పొద్దున్నే గని గేటు ముందు నిలబడేవాడు. ఎవరైనా పనికి రాకపోతే ఇతని పేరు పిలుస్తారు, అందరూ వస్తే ఇంటికి పంపుతారు. పేరు పిలవని రోజున నేరుగా ఇంటికి పోకుండా మైదానం చుట్టూ పరుగెత్తేవాడు. "ఇంటికి పోతే అది నా మొకం జూస్తది సారూ. గా చూపు కంటె గీ ఎండ మేలు," అన్నాడొకసారి.

జట్టు కోసం నేను పదహారు పేర్లతో పట్టిక తయారు చేశాను: వయసు, ఎత్తు, బంతిని ఎంత దూరం తన్నగలడు. నేను చదివి వినిపించాక సర్దార్ దాన్ని తలకిందులుగా పట్టుకొని చూసి తిరిగి ఇచ్చాడు. "ఎవడేం పని జేస్తడో రాయలే నువ్వు," అన్నాడు. ప్రాపులు నిలబెట్టే నలుగురిని వెనక పెట్టాడు. బొగ్గు టబ్బులు తోసే ట్రామర్లను ముందు పెట్టాడు. మిగతా జట్లన్నీ వెనక ఇద్దరు బ్యాకులతోనే ఆడే రోజులవి. నలుగురేమిటని అడిగాను. "నిలబెట్టేటోడు నిలబడతడు, తోసేటోడు ఉరుకుతడు. ఇంకేం గావాలె?" గాల్లో పొడుగ్గా తన్నడం లేదు, చూడముచ్చటైన పాసులు లేవు. వెనక గోడ, ముందు పరుగు, అంతే. చూస్తుంటే నాకు ప్రాణం విసిగేది. కానీ ఆ ఏడు ఫైనలు చేరేదాకా మా మీద ఒక్క గోలూ పడలేదు.

ఫైనలు వర్క్‌షాపు జట్టుతో. మైదానం పక్కనే, టబ్బులను తాడుతో దించి లాగే మా గని ఇంజను గది ఉండేది. గని లోపలి దారి పొడవునా ఒక తీగ కట్టి ఉంటుంది. దాన్ని లాగితే కింద గంట, పైన ఇంజను గదిలో గంట రెండూ మోగుతాయి. రెండు మోతలంటే టబ్బులు దించమని, మూడంటే లాగమని. ఒక్కటంటే ఆగమని. ఒక్క గంట వింటే దారిలో ఉన్న ప్రతి మనిషీ ఎక్కడివాడు అక్కడ ఆగాలి, టబ్బు తోస్తున్నవాడు చక్రం కింద చెక్క పెట్టాలి. ఆ ఆదివారం కింద తాడు మరమ్మతు నడుస్తున్నది. ఆట మరో అయిదు నిమిషాల్లో అయిపోతుందనగా ఇంజను గదిలో గంట ఒక్కసారి మోగింది. మా పదకొండు మందీ ఆగిపోయారు. లచ్చయ్య కాలి దగ్గర బంతి ఉంది, దాన్ని పాదంతో తొక్కిపట్టి నిలబడ్డాడు. వర్క్‌షాపు వాళ్లు ఏనాడూ భూమి కిందికి దిగినవాళ్లు కాదు. వాళ్ల ఫార్వర్డు లచ్చయ్య కాలి కిందినుంచి బంతిని గుంజుకొని, నిలబడ్డ మా బ్యాకులను చుట్టి పోయి గోలు కొట్టాడు. సున్నా-ఒకటి. మైదానమంతా నవ్వింది. లచ్చయ్య మరుసటి పొద్దున మళ్లీ గేటు ముందు నిలబడ్డాడు.

నాకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. రోగమేదో తెలిసింది కాబట్టి మందూ తెలిసిందనుకున్నాను. సర్దార్‌కు చెప్పకుండా లచ్చయ్యను సాయంత్రాలు మైదానానికి పిలిచాను. నా సైకిలు గంట విప్పి చేత పట్టుకున్నాను. అతను పరుగెత్తాలి, నేను ఒక్కసారి గంట కొట్టాలి, అతను ఆగకూడదు. మొదటి రోజు పది సార్లలో పది సార్లూ ఆగాడు. ఆరో రోజుకు ఒక్కసారే ఆగాడు. అంకెలన్నీ రాసుకున్నాను. "కాళ్లు ఇంటలేవు సారూ, నువ్వు బలవంతంగ ఉరికిస్తున్నవ్ గానీ," అన్నాడు లచ్చయ్య నడుమ ఒక రోజు. వచ్చే ఏడు పర్మనెంటు కావాలా వద్దా అని అడిగాను. మళ్లీ పరుగు మొదలుపెట్టాడు.

ఏడో రోజు పొద్దున నేను గనిలో వాలు దారి పక్కన కొలతలు తీసుకుంటున్నాను. నా కంటే కాస్త కింద మల్లయ్య సర్దార్ పట్టాల మధ్య నిలబడి కప్పును కర్రతో తడుతున్నాడు. పైనుంచి లచ్చయ్య బొగ్గు టబ్బుతో దిగుతున్నాడు. కర్ర బోలుగా పలికింది. సర్దార్ కళ్లు కప్పు మీదినుంచి దించకుండానే చెయ్యి చాపి తీగ లాగాడు. ఒక్క గంట. దారంతా నిశ్శబ్దమైంది. లచ్చయ్య ఆగలేదు. ఒక అడుగు, రెండు అడుగులు, అప్పుడు ఉలిక్కిపడి చెక్క పెట్టాడు. చక్రం కీచుమన్నది, టబ్బు జారి జారి నిలిచింది. సర్దార్ తల తిప్పి మోకాలి ముందున్న ఇనుమును చూశాడు.

"ఏందిరా లచ్చిగా, గంట ఇనరాలేదా?"

"ఇన్న మామా." చెయ్యి ఇంకా చెక్క మీదే ఉంది. "ఇన్న గానీ... ఆగొద్దని సర్వే సారు నేర్పిండు."

సర్దార్ నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ముందు అందర్నీ వెనక్కి పంపించి, ఆ కప్పు కింద రెండు ప్రాపులు పెట్టించాడు. టబ్బును మాత్రం కదలనివ్వలేదు. తరువాత వచ్చి, తాను ఇందాక నిలబడిన చోటనే మళ్లీ నిలబడ్డాడు. "నువ్వు కొలిచేటోనివి గద సారూ. కొలువు." టేపు విప్పాను. టబ్బు నుంచి ఆయన మోకాలి దాకా కొలిచాను. అంకె చెప్పాను. "రాసుకో," అన్నాడు. రాసుకున్నాను. అప్పుడు నెమ్మదిగా అన్నాడు: "గా అలవాటు నేను ముప్ఫై ఏండ్ల సంది నేర్పుతున్న. ఎందర్ని పానాలతోని ఇంటికి తోలిందో నాకెరుక. ఆటల కప్పు కోసం దాన్ని తీస్తవా? వీనికి నౌకరీ గావాలె, నిజమే. కాళ్లు గూడ గావాలె గద." లచ్చయ్యకు తిరిగి ఆగడం నేర్పేదాకా టబ్బు ముట్టుకోనివ్వలేదు. అదే సైకిలు గంటతో, అదే మైదానంలో, నా చేతనే నేర్పించాడు. పన్నెండు సాయంత్రాలు పట్టింది. చెడగొట్టడానికి ఆరే పట్టాయి.

చివరి సాయంత్రం నేను ఉండబట్టలేక అడిగాను: "మరి వచ్చే ఏడు మళ్లీ గంట మోగితే?"

"ఆగుతరు."

"గోలు పడితే?"

"ఆగినా అడ్డముండేటట్టు నిలబెడుదాం. ప్రాపు ఉరుకుతదా ఏంది? నిలబడే కప్పును మోస్తది. కొలత నువ్వు జెప్పు."

అది నాకు చేతనైన పని. గోలు వెడల్పు, మనిషి చాచిన కాలు, బంతి వచ్చే వంపులు అన్నీ కాగితం మీద గీశాను. ఎవరి మధ్య ఎంత ఖాళీ ఉండాలో లెక్క తీసి మైదానంలో సున్నంతో గుర్తులు పెట్టాను. సర్దార్ ఆ గుర్తుల మీద నలుగురినీ నిలబెట్టి, తన కర్రతో ఖాళీలు కొలిచి, రెండు చోట్ల నా లెక్క తప్పని సరిదిద్దాడు. ఏడాది పొడవునా సాధన అదే. చూసేవాళ్లకు నలుగురు మనుషులు ఎండలో ఊరికే నిలబడ్డట్టు ఉండేది. నేను మాత్రం గీత వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు ఫైనల్లోనూ వర్క్‌షాపే. మొదటి సగంలో లచ్చయ్య మైదానం నడుమ నుంచి బంతిని నేల మీదే తోసుకుంటూ, ఇద్దర్ని భుజాలతో పక్కకు నెట్టి గోలు కొట్టాడు. అచ్చం టబ్బు తోసినట్టే వంగి పరుగెత్తాడు. రెండో సగంలో ఇంజను గది గంట మోగింది, ఆ రోజూ కింద మరమ్మతే. ఒక్కటే. మా వాళ్లు పదకొండు మందీ ఆగారు. వర్క్‌షాపు ఫార్వర్డు నవ్వుకుంటూ బంతితో వచ్చాడు. పోవడానికి సందు దొరకలేదు. వెతికి వెతికి తన్నాడు. బంతి కొమురయ్య ఛాతీకి తగిలి గీత బయట పడింది. కొమురయ్య మా బ్యాకుల్లో అందరికంటే మెల్లగా నడిచేవాడు. ఆట ముగిశాక జనం అతన్ని ఎత్తుకుంటే కాళ్లు కొట్టుకున్నాడు: "నేనేం జేసిన? నిలబడ్డ. దించుండ్రి!" ఒకటి-సున్నా. ఆ నెలలోనే లచ్చయ్య పర్మనెంటు అయ్యాడు. ఆ పొద్దున గేటు దగ్గర ఆగకుండా లోపలికి నడిచిపోవడం నేను చూశాను. మల్లయ్య సర్దార్ గెలిచిన కప్పును ఒకసారి కర్రతో తట్టి విన్నాడు. "బోలుగ ఉన్నది," అని నవ్వి నా చేతిలో పెట్టాడు.

తరువాత ఆయన పని విరమించి తన ఊరికి పోయాడు. నేను ఎక్కడా నిలవలేదు. ఉద్యోగాలు మూడు, ఊళ్లు అయిదు మారాను. కరీంనగర్ వచ్చాక ధర్మపురి ఎంత దూరం? పోయి చూడాలని ప్రతి ఆదివారం అనుకున్నాను, ప్రతి ఆదివారం మరెక్కడికో పోయాను. కిందటి వానాకాలం లచ్చయ్య కార్డు రాయించాడు, సర్దార్ మామ కాలం చేసిండని. ఆ రోజంతా గదిలో తిరిగాను.

ఇప్పటికీ కూర్చోలేను. కానీ గంట ఒక్కసారి మోగితే ఆగుతాను, అది ఎవరి కోసం మోగినా. చొక్కా ఆరేలోపు బీరువాలోంచి పాత సర్వే పుస్తకం తీసి చూశాను. ఫైనలు ఫలితాలు రెండూ అందులో ఉన్నాయి, సైకిలు గంట లెక్కలూ ఉన్నాయి. వాటి మధ్య పేజీలో గని వాలు దారి, తేదీ, షిఫ్టు, ఒకే ఒక కొలత. టబ్బు నుంచి మనిషి మోకాలి దాకా: తొమ్మిది అంగుళాలు.