నాలుగు నిమిషాలు, రెండు బూట్లు

2023. ఒంటారియోలో ఒక చిన్న ఊరు. పేరు చెబితే మా టౌన్ కౌన్సిల్‌వాళ్ళు నొచ్చుకుంటారు. మా ఆవిడ నర్సుగా కెనడా వచ్చింది, నేను ఆవిడ సామానుతోపాటు వచ్చాను. పదో తరగతి నన్ను రెండుసార్లు వద్దంది; మూడోసారి నేనే దాన్ని వద్దన్నాను. వచ్చిన విద్య డ్రైవింగ్ ఒక్కటే. అలా అడల్ట్ డే ప్రోగ్రామ్ వ్యాను నా చేతికొచ్చింది. పెద్దవాళ్ళను పొద్దున సెంటరుకు తీసుకెళ్ళి, వ్యాయామం, భోజనం, కబుర్లు అయ్యాక సాయంత్రం ఇంటి దగ్గర దింపాలి. ఈలోగా వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటారు.

నా మూడో స్టాపు రత్నం అంకుల్‌ది. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేశారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. భార్య కరుణ ఆంటీది ఆసుపత్రి లాండ్రీలో పని.

చలికాలంలో ఆయన బయల్దేరడమే ఒక కార్యక్రమం. ముందు కోటు. తర్వాత స్నో బూట్లు, ఒంటి చేత్తో, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా. ఆపైన గుమ్మంలో ఇద్దరూ నిలబడి ప్రార్థన. "ప్రభువా, ఈ వ్యానుకు ఆలస్యం కాకుండా చూడు" అని ఆయన తీరిగ్గా అడిగేవారు. నేను బయట నిలబడి ఆమెన్ కోసం చూసేవాణ్ణి.

ఆ ఏడు పెద్దల సేవలను సంస్కరించమని కౌన్సిల్‌కు నిధులొచ్చాయి. ముందుగా ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి మా వ్యానులో పరీక్షకు పెట్టారు. గుమ్మానికి నాలుగు నిమిషాలు. దాటితే తెర మీద 'నో షో' అని పడుతుంది, అంటే మనిషి రాలేదని. వ్యాను కదలాల్సిందే. మూడు పడితే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకు పోతుంది.

అంకుల్‌కు అప్పుడే రెండు పడ్డాయి. రెండోసారి ఆయన గుమ్మంలోనే ఉన్నారు, ఒక కాలికి బూటుతో.

ఆ సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. "శీనూ, ఇంకోటి పడితే నేను ఉద్యోగమన్నా మానాలి, ఈయన్ని ఓల్డేజ్ హోంలోనన్నా పెట్టాలి."

వెనకనుంచి అంకుల్ గొంతు: "గొడవ చెయ్యకు కరుణా, ప్రాక్టీస్ చేస్తన్నా. వేలు ఇరుక్కుంది!"

మా కౌన్సిల్ ముందు ఊళ్ళోవాళ్ళు ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు. దాన్ని డెలిగేషన్ అంటారు. పేరు రాయించాను.

"ప్రెజెంటేషన్ ఏమైనా ఉందా?" అని అడిగింది మా సూపర్‌వైజర్.

"ఉంది. సైజు పది."

నా వంతు రాగానే సంచిలోంచి నా స్నో బూట్లు తీసి చైర్, అంటే సభ నడిపే అధ్యక్షుడి ముందు పెట్టాను. ఆయన భారీ మనిషి, సరదా మనిషి. "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఇవి తొడుక్కోండి సార్. టైమరు మీదే," అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూనే మొదలుపెట్టాడు. మడమ దిగలేదు. బూటు జారిపోయింది, వెతుక్కున్నాడు. మూడో నిమిషానికి నవ్వులు ఆగిపోయాయి. నాలుగోది అయ్యేసరికి ఒక బూటు, అదీ సగం.

"వ్యాను వెళ్ళిపోయింది సార్," అన్నాను. "ఇక ఇంట్లో మీ మేడమ్‌గారు ఉద్యోగం మానాలి."

తర్వాత ఓటింగ్‌కు పెడితే ఎత్తని చెయ్యి లేదు. నో షో రూలు పోయింది. సాఫ్ట్‌వేరుకు పెట్టిన డబ్బును వ్యానుకొక మనిషిని సాయంగా పెట్టడానికి మళ్ళించారు. ఆంటీ లాండ్రీ మానలేదు. నాకు మాత్రం బూట్లు తిరిగి రాలేదు; చైర్ వాటిని తన గదిలో పెట్టుకున్నాడు.

ఆ ఏడు మా ఊరి కాలేజీ మన పిల్లలతో కిటకిటలాడేది. వరంగల్ నుంచి వచ్చి పీఎస్‌డబ్ల్యూ కోర్సు, అంటే పెద్దవాళ్ళ ఆలనాపాలనా చదువు, చదువుతున్న సింధు మా వ్యానుకు సహాయకురాలిగా వచ్చింది. మొదటిరోజే అంకుల్ ముందు కూర్చుని, "మీరే ఏస్కోండి అంకుల్. నేను ఊకె జారకుండ పట్టుకుంట," అంది. ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి కాలు ముందుకు చాపారు.

సంస్కరణ పేరుతో డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళు ముందు ఒక గుమ్మం దగ్గర చలిలో నిలబడి చూడాలి. పదో తరగతి తప్పినవాడికి తెలిసింది ఇంతే.

గెలిచిన గర్వంలో ఆ మొదటిరోజే అన్నాను: "అంకుల్, మీ కోసం కౌన్సిల్‌నే గెలిచాను. ఇకనైనా ఆ ప్రార్థన కాస్త కుదించండి."

ఆయన బూటు వైపు చూసుకుంటూ అన్నారు: "నువ్వు రాకముందు చిన్నదేరా అబ్బాయ్. నీ డ్రైవింగ్ చూశాకే పొడుగైంది."