పగులు దగ్గరి బావి

పనిచోట ఆమెను అందరూ రాళ్ళక్క అనేవారు. చమురు బావి తవ్వేటప్పుడు బురదతో పాటు పైకి వచ్చే రాతి తునకలను కడిగి, సూక్ష్మదర్శిని కింద చూడడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా రేకుల గదుల్లో కూర్చుని అదే చూస్తోంది. "మా వదినకు బియ్యంలో రాళ్ళు కనపడవు గానీ, రాళ్ళలో చమురు కనపడుద్ది" అని ఆటపట్టించేవాడు ఆమె మరిది, చెల్లెలి మొగుడు. ఈసారి ఆమె పనిచేస్తున్న బావి మీదే, తవ్వే యంత్రం నడిపే డ్రిల్లరు అతను.

ఆ బావి దారిలో, భూమి పొరలు ఎప్పుడో విరిగి జారిన పగులు ఒకటి ఉంది. అలాంటి పగులులో బంకమట్టి మెత్తుకుని ఉంటే, కింది నుంచి ఎగబాకే చమురూ గ్యాసూ దాన్ని దాటలేక అక్కడే నిలిచిపోతాయి. మట్టి లేకపోతే పగులే దారవుతుంది. గ్యాసు ఆ దారిన పైకి పాకి, పై ఇసుక పొరల్లో నక్కి కూర్చుంటుంది. పగులు గట్టిగా మూసుకునే ఉందని మేనేజరు నమ్మకం.

తవ్వకం మొదలైన ఎనిమిదో రోజు ఉదయం తునకల్లో తెల్లటి సున్నపు చారలు కనిపించాయి. పగులులో ఒకప్పుడు నీళ్ళు పారాయన్న మాట. బంకమట్టి జాడే లేదు. "పగులు తెరిచి ఉంది. పైపొరల్లోనే గ్యాసు తగలవచ్చు. తవ్వకం ఆపాలి" అని రాసి ఇచ్చింది.

"ఆపాలి అని రాస్తే పైవాళ్ళు నన్ను బతకనిస్తారా? గమనించాలి అని మార్చమ్మా" అన్నాడు మేనేజరు. "అయినా, నీకు మాత్రం ఖాయంగా తెలుసా?"

ఖాయంగా తెలియదు. కలం తీసి మార్చింది.

భోజనాల వేళకు బావి ఒక్కసారిగా బురద కక్కింది. వెంటనే మంట. ఆర్పడానికి రెండు రోజులు పట్టింది. మరిదిని బూట్లను బట్టి గుర్తుపట్టారు.

విచారణలో మేనేజరు ఆ కాగితం చూపించి, ఆమె ఆపమనలేదన్నాడు. ఆమె లేచి నిలబడింది. "మొదట ఆపాలనే రాశానండీ. సారు మార్చమన్నారు. మార్చింది మాత్రం నేనే."

వెనక వరుసలో కూర్చున్న చెల్లెలు విన్నది. బయట వరండాలో ఆపి అడిగింది. "మా ఆయనకైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా అక్కా. అక్కడే ఉన్నాడుగా."

"చెప్పాక అది తప్పని తేలితే, ఇక మీదట ఎవరూ నా మాట వినరేమో అనుకున్నానే."

చెల్లెలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బావిని సిమెంటుతో పూడ్చారు. మేనేజరుకు బదిలీ అయింది. రాళ్ళక్క మరో బావి దగ్గర చేరింది. అక్కడ కూడా ఒక మాట మార్చమంటే కుదరదంది. వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఆదివారాలు చెల్లెలికి ఫోను చేస్తుంది. చెల్లెలి కూతురు ఎత్తి, "అమ్మ ఇంట్లో లేదు పెద్దమ్మా" అంటుంది. వెనక చెల్లెలి దగ్గు వినిపిస్తూనే ఉంటుంది.