బోణీ క్లిక్కు

కరోనా తగ్గిన తర్వాతి ఏడు, హోళీ వెళ్లిన సోమవారం నాడు సూరత్‌లోని బమ్రోలిలో ఒక వెబ్‌సైటులో పనికి చేరాను. అంతకుముందు పాండేసరా మరమగ్గాల కార్ఖానాల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. అందులో చివరి పన్నెండేళ్లు తాకా చెకర్‌ని. తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట చుట్ట. కింద లైటు వెలిగే అద్దం బల్ల మీద దాన్ని లాగుతూ, తెగిన పోగో నూనె మరకో కనబడ్డ చోట సుద్దతో గీత పెట్టి, ఆ మగ్గం నడిపినవాడి కూలిలో ఎంత కోత పడాలో రాయడం చెకర్ పని. కళ్లు మసకబారాక మానేశాను.

వెబ్‌సైటు స్వరూపది. నా పక్క మగ్గం మీద పనిచేసిన లచ్చన్న కూతురు. చీరల మార్కెట్‌లో బిల్లులు కొట్టే ఉద్యోగం వదులుకుని, సూరత్‌లో ఉన్న మన తెలుగువాళ్ల కోసం ఆ సైటు పెట్టింది. ఏ కార్ఖానాలో మగ్గం ఖాళీగా ఉంది, ఏ సందులో గది దొరుకుతుంది, ఊరికి పోయే రైళ్ల సంగతేమిటి, అన్నీ తెలుగులో ఉండేవి. పొద్దున కార్ఖానాలు తిరిగి ఖాళీలు కనుక్కుని వచ్చి నేను నోటితో చెప్పేవాణ్ని, ఆమె టైపు చేసేది. నా చదువు మూడో తరగతి. అయినా 'క్షేత్ర ప్రతినిధి' అని నా పేరు మీద కార్డులు అచ్చు వేయించింది. వాటిలో సగం ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి.

చదివేవాళ్లు ఏమీ ఇవ్వనక్కర్లేదు. సైటు బతికేది ప్రకటనల మీద. ఆ ప్రకటనలు పంపేది ఒక పెద్ద కంపెనీ. చదివేవాడు ప్రకటన మీద వేలు పెడితే దాన్ని క్లిక్కు అంటారు. క్లిక్కు పడ్డప్పుడల్లా ప్రకటన ఇచ్చిన దుకాణదారు దగ్గర కొంత తీసుకుని, అందులో వాటా సైటు వాళ్లకు ఇస్తారు. ఇంతవరకు నాకు తెలుసు. దాని వెనకున్న నియమం తెలియదు.

శ్రావణం చివర్లో ఒక పొద్దున నేను వెళ్లేసరికి స్వరూప కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుని ఉంది. చెల్లని క్లిక్కులు పడ్డాయి కాబట్టి మీ సైటులో ప్రకటనలు ఆపేశామని కంపెనీ రాసింది. ఒక్కసారే విన్నపం పెట్టుకోవచ్చు. దాన్ని ఒప్పుకోకపోతే అకౌంటు శాశ్వతంగా మూసేస్తారు. చెల్లనివి ఏ క్లిక్కులో, ఎవరు చేసినవో మాత్రం చెప్పరు.

"ఎవలో మనమంటె గిట్టనోళ్లు జేసిండ్రు కాకా" అంది.

చెల్లని క్లిక్కు అంటే ఏమిటని అడిగాను. సరుకు మీద మనసు లేకుండా, సైటు వాళ్లకు వాటా రావాలని సొంతవాళ్లు నొక్కేది అని చెప్పింది.

"నేను రోజూ ఒత్తుతనే ఉన్న బిడ్డా."

"ఏందీ?"

"బోణీకి. పొద్దుగాల లేవంగనే ఒక్కటి."

బజారులో మనవాడు కొత్తగా దుకాణం పెడితే పొద్దున్నే మొదటి బేరం మనం చేస్తాం. అక్కర ఉన్నా లేకున్నా ఏదో ఒకటి కొంటాం. నేను కూడా మొహం కడుక్కుని, ఫోను కళ్లకద్దుకుని, స్వరూప సైటులో పైనున్న ప్రకటన ఒకటి ఒత్తేవాణ్ని. అక్కడితో ఆగలేదు. షిఫ్టు మారే వేళ కార్ఖానా గేట్ల దగ్గర, లచ్చన్న బిడ్డ దుకాణం, ఒకటి ఒత్తి లోపలికి పోండ్రని అందరికీ చెప్పాను. ఎల్లయ్య అనే మగ్గం కార్మికుడు, "ఒక్కటేంది మాస్టరూ, ఐదు ఒత్తిన. పిల్ల సల్లగుండాలె" అన్నాడు కూడా.

ఇదంతా విని స్వరూప కుర్చీ నా వైపు తిప్పింది. "నువ్వు బోణీ జేసినవా, షట్టర్ గుంజినవా కాకా?"

ఆమెకు పోయేది చిన్నది కాదు. ప్రకటనలు రాకపోతే సైటు మూసి మళ్లీ బిల్లుల కౌంటర్‌కు పోవాలి. పాత సేఠ్‌కు ఫోన్ చేస్తే ఆ చోటు నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు.

విన్నపంలో ఏం రాయాలన్న దగ్గర మాకు పేచీ వచ్చింది. ఎవరు చేశారో తెలియదని రాద్దామని ఆమె, ఉన్నది రాద్దామని నేను.

"మనోళ్లే జేసిండ్రని మన నోటితోనే జెప్తె ఇంక మూసుడే గద!"

నేను చెకర్‌గా చూసింది చెప్పాను. నాకు తెలియదన్న కార్మికుడి మాట సేఠ్ ఎప్పుడూ నమ్మలేదు. ఇదిగో ఇక్కడ, ఫలానా రోజు, ఫలానా కారణం అని చూపినవాడితోనే కూర్చుని మాట్లాడాడు. చివరికి ఒప్పుకుంది, కానీ రుజువు కావాలంది.

రుజువు నా తలలో ఉంది. ఏ రోజు ఏ గేటు దగ్గర నిలబడ్డానో, అది పగటి షిఫ్టు వాళ్లకా రాత్రి షిఫ్టు వాళ్లకా, ఎవరెవరున్నారో వరసగా చెప్పాను. ఆమె సైటు లెక్కల పేజీ తెరిచి పక్కన పెట్టుకుంది. పొద్దున ఏడుకు, సాయంత్రం ఏడుకు క్లిక్కులు ఒక్కసారిగా లేచాయి. వారానికోసారి కరెంటు ఆపే సెలవుకు కార్ఖానాలు మూసిన రోజుల్లో లేవలేదు. ఒక్క గురువారం మాత్రం కార్ఖానాలు నడుస్తున్నా ఏమీ లేదు. కాసేపు ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆ రోజు నేను కామ్‌రేజ్‌లో చుట్టాల పెళ్లికి పోయాను. గేటు దగ్గర చెప్పేవాడు లేడు, ఒత్తినవాడూ లేడు.

"నీ తలకాయల రిజిస్టర్ వెట్టుకున్నవా కాకా?" అని ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అదంతా రాసి పంపింది. ఇకమీద ఒత్తమని ఎవరినీ అడగబోమని కింద రాసి, నా చేత కూడా సంతకం పెట్టించి ఫొటో జత చేసింది.

తర్వాత గేటు గేటుకూ తిరిగి, ఒత్తొద్దని చెప్పాను. ఎల్లయ్యకు కోపం వచ్చింది. "మంచికి ఒత్తితె గది తప్పెట్లయితది మాస్టరూ?" అది తెలుసుకుందామని, మేమంతా ఎక్కువగా ఒత్తిన ప్రకటన ఎవరిదో చూసి, వరాఛాలో ఆ ఎంబ్రాయిడరీ మెషిన్ల షాపుకు పోయాను. యజమాని నా వయసువాడే. నేనెవరో, ఏం చేశామో చెప్పాను. తిట్టలేదు. "రెండు నెలలుగా తలుపు గంట మోగుతూనే ఉంది, మోగినప్పుడల్లా నా జేబులోంచి డబ్బు పోతోంది, తలుపు తీసి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు" అని మాత్రం గుజరాతీలో అన్నాడు. ఆ మాట తెచ్చి ఎల్లయ్యకు చెప్తే తల దించుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున నేను మెట్లెక్కుతుండగానే పైనుంచి స్వరూప కేక వినిపించింది. "కాకా, తెరిచిండ్రు!" అకౌంటు తిరిగి తెరిచారు. చెల్లని క్లిక్కుల సొమ్ము దుకాణదారులకు వాపసు చేశారు. ఏవి చెల్లనివో అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె పాత సేఠ్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. సూరత్ శనగపిండి టిఫిను లోచో వేడి వేడిగా తెప్పించింది. పది రోజుల తర్వాత ఆ రోజు నాకు తిండి రుచి తెలిసింది.

ఆ తర్వాత రెండేళ్లు అక్కడ పనిచేసి మానుకున్నాను. ఇప్పటికీ పొద్దున సైటు చదువుతాను, ప్రకటన మీద వేలు పెట్టను. వరాఛా అతనికి సొమ్ము తిరిగిపోవడం న్యాయం. ఆ కోత మేము పడవలసిందే. కానీ తప్పు ఎక్కడుందో చూపకుండా మొత్తం దుకాణం మూస్తామనడం న్యాయం కాదు. మాకు గుర్తుంది కాబట్టి గట్టెక్కాం, గుర్తులేనివాడు ఏం చూపిస్తాడు? కోత రాసేవాడు ముందు మనిషిని బల్ల దగ్గరికి పిలిచి సుద్ద గీత చూపాలి. చెకర్‌గా మొదటి మూడేళ్లు నేను ఎవరినీ పిలవలేదు.