ఏడో నెలలో గొట్టం మూత

మా వదిన బీహాకి ఒక పాడు అలవాటు ఉండేది. రేకుల కప్పు మీద ఏ గొట్టానికి రేకు టోపీ పెట్టాలన్నా సరే, ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గొట్టం మూతికి నోరు ఆనించి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచేది. కింద స్నానం చేస్తున్నవాళ్ళు హడలిపోయి తువ్వాలు చుట్టుకుని బయటికి పరిగెత్తిన సందర్భాలున్నాయి. కొందరు తిట్టేవాళ్ళు, ఇంకొందరు నవ్వేవాళ్ళు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడే నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

"వదినా, నీ మూలాన నాకు ఈ ఊళ్ళో పరువు లేకుండా పోతోంది," అనేదాన్ని.

"నీకు పరువెప్పుడుందే? బట్టల కొట్టువాడితో కొట్లాడి వచ్చిన రోజే పోయింది. ఆ రబ్బరు తొడుగు అందుకో," అనేది.

మా రేవు పట్నం కీలుంగ్‌లో వాన పడని రోజంటూ వస్తే, జనం ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. కొండ వాలంతా ఇళ్ళే. ప్రతి మేడకీ పైన రేకుల కప్పు, ఆ రేకుల్ని చీల్చుకుని పైకి లేచిన గొట్టాలు. వంటింటి పొగ పోవడానికొకటి, స్నానాల గది గాలి పోవడానికొకటి. రేకుకి కన్నం పెట్టిన చోటే నీళ్ళు దిగుతాయి. పాత తారు గీకెయ్యాలి. గొట్టం మీంచి రబ్బరు తొడుగు దించి, రేకు ఎత్తుపల్లాల్లోకి వేళ్ళతో నొక్కాలి. వాషర్లున్న స్క్రూలు బిగించి, అంచుల చుట్టూ సిలికాన్ పట్టించాలి. ఆఖర్న పైన రేకు టోపీ. దానికీ గొట్టానికీ మధ్య ఖాళీ వదలాలి. నేను కొత్తలో ఆ ఖాళీ కూడా సిలికాన్‌తో పూడ్చేస్తే నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"మూత అంటే మూసెయ్యడం కాదే మొద్దూ. వాన రాకూడదు, గాలి పోవాలి. గాలి పోకపోతే మనిషి పోతాడు."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. బీహాకి బీగ్యోక్ అని ఒక చెల్లెలు ఉండేది. పదహారేళ్ళ పిల్ల. ఓ చలికాలం స్నానాల గదిలోకి వాన నీళ్ళు కారుతున్నాయని ఎవడో వచ్చి, పైన గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచీ కట్టి, బిగించి వెళ్ళాడట. ఆ సాయంత్రం పిల్ల ఆ గదిలోనే గ్యాసు మీద వేణ్ణీళ్ళు పెట్టుకుని తలుపేసుకుంది. ఎంతసేపటికీ రాలేదు. తలుపు తీసి చూస్తే, నిద్రపోతున్నట్టే ఉందట, విషగాలికి బుగ్గలు ఎర్రబడి.

బీహా ఆ తర్వాతే ఈ పని పట్టింది. మా అన్నయ్యని చేసుకుని మా ఇంటికి వచ్చినప్పటికే ఆమె చేతులు సిలికాన్‌తో గరుకెక్కి ఉన్నాయి. అన్నయ్య ఓడ మీద వంటవాడు, ఏడాదికోసారి దిగేవాడు. ఇంట్లో మేమిద్దరమే పోట్లాడుకుంటూ బతికాం. నేను అర్థం చేసుకున్నదొకటే. చెల్లెలు ఆమెని వదల్లేదు. గొట్టాల్లోకి ఆ అరుపులన్నీ ఊరివాళ్ళ కోసం అనుకునేవాళ్ళు జనం. అవి ఆ పిల్ల కోసమే.

అంత గొంతున్న మనిషీ ఏడో నెలలో మాత్రం అరిచేది కాదు. మా పంచాంగంలో అది పోయినవాళ్ళ నెల. పరలోకం తలుపులు తెరుస్తారు, పోయినవాళ్ళంతా ఆకలితో వీధుల్లో తిరుగుతుంటారు. మేం వాళ్ళని పేరు పెట్టి అనం, 'అన్నగార్లు' అంటాం. వీధిలో బల్లలు వేసి అన్నం, పళ్ళు, బిస్కెట్ పొట్లాలు పెట్టి, ఒక్కోదానికీ ఒక్కో అగరొత్తి గుచ్చుతాం. వెనకనించి ఎవరైనా పిలిస్తే తిరిగి చూడం, పలకం. పలికితే వెంట వచ్చేస్తారు. అందుకని ఆ నెల వదిన స్క్రూడ్రైవర్ పిడితో గొట్టాన్ని టకటకా కొట్టి ఊరుకునేది. "భయమా వదినా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "అరిస్తే అది పలుకుతుందేమోనని," అంది. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఏడు సరిగ్గా ఏడో నెల మధ్యలో తుఫాను వస్తోందన్నారు. ఖో గారని ఒక మేడ ఆసామి ఫోను చేశాడు. ఆరో అంతస్తు మీది రేకుల్లో ఒక గొట్టం కారుతోందట.

"టోపీ గీపీ అక్కర్లేదు. మూతి మీద రేకు బిళ్ళ పెట్టి పూర్తిగా సీలు చేసెయ్యి. కింద ఇల్లు ఖాళీయే. గాలి ఎవడికి కావాలి?" అన్నాడు.

ఈ నెలలో కప్పు ఎక్కడం నాకు ఇష్టం లేదు. కానీ తుఫాను మన పంచాంగం చూసి రాదు. వెళ్ళాం.

పైకెక్కి చూశాం. గొట్టం మొదట్లో ఒక పళ్ళెం. అందులో అన్నం, బత్తాయిలు, బిస్కెట్లు, కాలిపోయిన అగరొత్తుల పుల్లలు. పక్కన పాత నూనె డబ్బా నిండా, పోయినవాళ్ళకి పంపే కాగితపు నోట్లు కాల్చిన బూడిద. ఐదో అంతస్తులో ఉండే లామ్ అక్క, సందు చివర నూడుల్స్ బండి ఆవిడ, గాలికి ఎగిరిపోకుండా ఆరేసిన బట్టలు తీసుకుంటోంది.

"అక్కా, ఇదేంటి?" అన్నాను.

ఆమె నా చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "ఖో గారు మీకు చెప్పలేదూ? ఈ గొట్టంలోంచి ఆడ గొంతు వస్తోంది. 'అమ్మాయ్... ఎవరమ్మా పైన...' అంటూ. బట్టలారెయ్యడానికి వచ్చిన ప్రతివాళ్ళూ విన్నారు. ఎవరం పలకలేదులే, మాకామాత్రం తెలీదా! భోజనం పెట్టి, కాగితాలు కాల్చి, మేడ వాళ్ళమంతా దండం పెట్టుకున్నాం. 'కడుపునిండా తినేసి నీ దారిన నువ్వు వెళ్ళు తల్లీ, మా పిల్లల జోలికి రాకు' అని నేనే గొట్టంలోకి చెప్పాను. నిన్నటినుంచి చప్పుడు లేదు. శాంతించినట్టుంది."

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. "పద, పోదాం. ఆ ఖోగాణ్ణే వచ్చి మూసుకోమను."

వదిన కదల్లేదు. కూర్చుని పాత తారు గీకింది, తొడుగు దించింది, స్క్రూలు బిగించింది. రేకు బిళ్ళ చేతిలోకి తీసుకుంది. అక్కడ ఆగిపోయింది. బిళ్ళ కింద పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో టకటకా కొట్టింది.

ఏమీ లేదు. గాలి ఈల వేస్తోంది, అంతే. మళ్ళీ కొట్టింది.

అప్పుడు లోపలినుంచి, చాలా లోతునుంచి, అరిగిపోయిన గొంతొకటి వచ్చింది. "కాస్త ఆగండమ్మా... ఇంకా దారి దొరకలేదు."

నా చేతిలో స్క్రూల డబ్బా జారిపోయింది. అవన్నీ రేకు మీద గలగలా దొర్లుకుంటూ కిందికి పోయాయి. లామ్ అక్క బట్టలన్నీ వదిలేసి మెట్ల వైపు పరిగెత్తింది. నేను నిచ్చెన మీద రెండు మెట్లు దిగేశాను కూడా. అబద్ధం ఎందుకు, ఆ క్షణం వదిన గుర్తులేదు నాకు.

తలెత్తి చూస్తే, వదిన గొట్టం దగ్గరే వంగి ఉంది. ఆ నెలలో ఎవరూ చెయ్యకూడని పని చేస్తోంది. పేరు పెట్టి పిలుస్తోంది.

"బీగ్యోక్? నువ్వేనా?"

"వదినా, వద్దు! నీ కాళ్ళకి దణ్ణం పెడతా, వద్దు!" అని ఏడ్చేశాను.

గొట్టంలోంచి జవాబొచ్చింది. "కాదమ్మా. నేను బోంగ్యోని."

ఆ మాట విన్నాక వదినకి ఊరటా, లేక ఇంకోసారి చెల్లెల్ని పోగొట్టుకున్నట్టా, నాకీ నాటికీ తెలీదు. తర్వాత ముక్కు గొట్టంలో పెట్టి గట్టిగా పీల్చింది.

"సోలాన్, ఇలా రా. వాసన చూడు."

"నీకేమైనా పిచ్చా!"

"మందునూనె వాసన. కర్పూరం, పుదీనా. దయ్యాలకి మోకాళ్ళనొప్పులుంటాయటే?"

మెట్ల దగ్గరినుంచి లామ్ అక్క "అయ్యో, ఆ మాట అనకు!" అని చెవులు మూసుకుంది. ఆ వెంటనే ఆమె చేతులు కిందికి జారిపోయాయి. "బోంగ్యో అందా? ఆరో అంతస్తు ముసలమ్మ పేరదే. కానీ ఆమె లేదుగా. ఖో గారు ఖాళీ చేయిస్తే హువాలియెన్‌లో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేనే బస్సు ఎక్కించాను."

బోంగ్యో అంటే మా వైపు, 'పోన్లే, పెంచుదాం' అని. ఆడపిల్ల వద్దనుకున్న ఇంట్లో పుట్టినవాళ్ళకి పెట్టే పేరు. తర్వాత తెలిసింది, మేనకోడలి ఇంట్లోనూ చోటు లేదట. ముసలమ్మ గుట్టుచప్పుడు కాకుండా తిరిగొచ్చేసింది. తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది. ఖో చూస్తాడేమోనని దీపం కూడా వెలిగించుకోకుండా, ఇనుప తలుపుకి లోపల గడియ పెట్టుకుని బతుకుతోంది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. అక్కడినుంచి ఆమె గొంతు వెళ్ళగలిగిన దారి ఆ గొట్టమొక్కటే.

నేను ఖోకి ఫోను చేశాను. "ఖాళీ ఇల్లు అది. ఏడో నెలలో గొంతు విని తలుపు తీస్తారా ఎవరైనా? నేను రాను," అన్నాడు. వాడి ఏడు తరాల్నీ తిట్టి పెట్టేశాను. అగ్నిమాపకం వాళ్ళకి చేశాను. వస్తున్నాం, కొండ కింద దారికి అడ్డంగా చెట్టు పడింది, అన్నారు.

అంతలో వాన మొదలైంది. మామూలు వాన కాదు, రాళ్ళు విసిరినట్టుంది. మూత లేని గొట్టంలోకి నీళ్ళు పోతున్నాయి. నేను గబగబా టోపీ అందించబోయాను. వదిన నా చెయ్యి తోసేసి గొట్టంలోకి అరిచింది.

"అవ్వా! నీ మీద నీళ్ళు పడుతున్నాయా?"

"పడుతున్నాయి తల్లీ. అవే తాగుతున్నా. ఇన్ని రోజులూ అవే."

జీవితమంతా నీళ్ళు ఆపడమే పనిగా బతికిన మనిషి, నా వదిన, రేకు మీద బోర్లా పడుకుంది. వానకోటు విప్పి గాలి దెబ్బ తగలకుండా గొట్టం చుట్టూ ఒక చేత్తో పట్టింది. రెండో చెయ్యి దోసిలిగా వంచి, పట్టిన నీళ్ళు కొంచెం కొంచెంగా గొట్టంలోకి వదిలింది. నేను ఆమె కాళ్ళ మీద కూర్చున్నాను, గాలికి ఎగిరిపోకుండా. వదిన ఆపకుండా మాట్లాడింది. ఖో బట్టతల గురించీ, నా వంట గురించీ, సముద్రంలో ఉన్న మా అన్నయ్య గురించీ. "ఊఁ అనవే అవ్వా. నా ఆడపడుచు చేసే చేపల పులుసు తింటే నువ్వు నిజంగానే పోతావు. ఊఁ అను." లోపలినుంచి చాలాసేపటికోసారి "ఊఁ" వచ్చేది. ఒకసారి రాలేదు. వదిన గొంతు చిరిగిపోయేలా అరిచింది. అప్పుడు వచ్చింది. నేను ఏ దేవతకి మొక్కుకున్నానో కూడా తెలీకుండా మొక్కుకుంటూనే ఉన్నాను.

అగ్నిమాపకం వాళ్ళు తలుపు పగలగొట్టిన చప్పుడు గొట్టంలోంచే మాకు వినిపించింది.

బతికింది. తుంటికి ఆపరేషన్ చేశారు. తుఫాను వెళ్ళాక ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. లామ్ అక్క గంజి తెచ్చింది కానీ, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మంచం మీద ముసలమ్మ గుప్పెడు కూడా లేదు. వదిన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, రెండు రోజులు పిలిచావట కదా. తర్వాత ఎందుకు మానేశావు? ఇంకొంచెం అరిచి ఉంటే..."

"తెలిసిపోయింది కదమ్మా," అంది ముసలమ్మ మామూలుగా. "మొదట్లో అందరూ వినబడీ పలకడం లేదనుకున్నాను. తర్వాత అగరొత్తుల పొగ దిగింది. అన్నం పెట్టాం తినమన్నారు. ఇక వెళ్ళిపోమన్నారు. ఓహో, నేను పోయానన్నమాట, అది తెలీక వీళ్ళని భయపెడుతున్నాను అనుకున్నాను. పాపం, పిల్లలున్న మేడ. అందుకే నోరు మూసుకుని దారి వెతుక్కుంటున్నాను."

లామ్ అక్క గంజి గిన్నె గోడ వారన పెట్టి, కొంగులాగా చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను.

ముసలమ్మ వదిన చెయ్యి వదల్లేదు. ఎండిపోయిన వేళ్ళతో ఆమె బుగ్గ నిమిరింది. కళ్ళనిండా జాలి.

"బతికున్నవాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. నువ్వొక్కదానివే పలికావు," అంది. "ఇంత చిన్నదానివి. నువ్వెలా పోయావు తల్లీ?"

దేనికైనా ఠపీమని జవాబు చెప్పే మా వదిన ఆ మంచం అంచున తల పెట్టి, నేనెప్పుడూ చూడనంతగా ఏడ్చింది. ముసలమ్మ ఆమె జుట్టు నిమురుతూ, భయపడకు, నేనున్నాగా, అంటూనే ఉంది.